మామ కారు – మూడో కాలమ్

దసరా సెలవులకు తెలకపల్లి పోయిన రోజే మా మామ నా ముందు రెండు బ్రోచర్లు పెట్టిండు. ఒకటి మెర్సిడెస్ బెంజ్ జీఎల్‌సీ, ఇంకోటి బీఎండబ్ల్యూ ఎక్స్3.

"అల్లుడా, నువ్వు మెకానికల్ కదా. ఈ రెండిట్ల ఏది కొనాల్నో నువ్వే చెప్పాలె."

మూడేళ్లుగా నేను చదివిన మెకానికల్‌లో కారు కొనడం అనే చాప్టర్ లేదు. డీజిల్ సైకిల్ పీవీ డయాగ్రం గీయమంటే గీస్తాను. దాంతో డెబ్భై లక్షల నిర్ణయం ఎట్లా తీసుకోవాలో ఏ సారూ చెప్పలేదు. అట్లని "నాకు తెల్వదు మామా" అంటే ఇంట్లో ఇజ్జత్ పోతది. "రెండు రోజులు టైమియ్యి" అని బ్రోచర్లు తీసుకుని మిద్దె ఎక్కిన.

మామకు రెండు టిప్పర్లు, ఒక జేసీబీ ఉన్నాయి. పదకొండేళ్ల బొలెరో ఒకటి. కారు ఆలోచన ఇప్పుడే ఎందుకొచ్చిందంటే మామ చెప్పిన కారణం జీఎస్టీ తగ్గడం. అసలు కారణం అత్త చెప్పింది. వేసవిలో హైదరాబాద్‌లో ఒక పెళ్లికి పోతే, ఫంక్షన్ హాల్ గేటు దగ్గర సెక్యూరిటీ అతను బొలెరోను చూసి "వెనక గేటు, క్యాటరింగ్ బండ్లు అటు" అన్నాడట. మామ పట్టుచొక్కా వేసుకుని స్టీరింగ్ ముందు కూర్చునే ఉన్నాడు. ఆ రాత్రి ఇంటికొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదట.

కొనడానికి దారి కూడా మామే చూసుకున్నాడు. రోడ్డు పక్క అర ఎకరం అమ్మితే పాతిక లక్షలు. మిగతాది లోను. కల్వకుర్తి ఎత్తిపోతల కాలువలొచ్చాక మా దిక్కు భూముల రేట్లు పెరిగాయి కాబట్టి కొనేవాళ్లు తయారుగానే ఉన్నారు. అంటే నేను చెప్పే మాట మీద ఒక అర ఎకరం ఆధారపడి ఉంది. అప్పుడు నాకు కొంచెం భయమేసింది.

ఈ వ్యాసం ఆ రెండు రోజుల్లో నేను నేర్చుకున్నది. రేపు మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు అడుగుతారు. కారు కాకపోతే ట్రాక్టరో, ఇన్వర్టరో, ల్యాప్‌టాపో. పద్ధతి ఒకటే.

బ్రోచర్‌లో ఉన్నది

ముందు ఎక్సెల్ షీటు తెరిచి రెండు కాలమ్‌లు పెట్టిన. ఇప్పటి జీఎల్‌సీ మన దేశంలో 2023 ఆగస్టులో విడుదలైంది. ఇప్పటి ఎక్స్3 2025 జనవరిలో ఢిల్లీ ఎక్స్‌పోలో వచ్చింది. రెండూ దిగుమతి బండ్లు కావు. బెంజ్‌ను పుణె దగ్గరి చాకన్‌లో, బీఎండబ్ల్యూను చెన్నై దగ్గర అసెంబుల్ చేస్తారు. రెండూ ఐదు సీట్లవి. రెండింట్లోనూ ఇంజను శక్తి నాలుగు చక్రాలకూ వెళ్తుంది. రెండింట్లోనూ 48 వోల్టుల మైల్డ్ హైబ్రిడ్ ఉంది. బీఎండబ్ల్యూకు 8 గేర్ల ఆటోమేటిక్, బెంజ్‌కు 9.

మొదటి పాఠం ఇక్కడే దొరికింది. పోల్చేటప్పుడు ఏ జంటను పోలుస్తున్నామో చూసుకోవాలి. పెట్రోల్‌లో జీఎల్‌సీ 300కు 258 హార్స్‌పవర్, 400 న్యూటన్ మీటర్ల టార్క్. ఎక్స్3 20కి 190 హార్స్‌పవర్, 310 న్యూటన్ మీటర్లు. ఈ జంటను చూస్తే బెంజ్ చాలా ముందుంది. డీజిల్‌కు వస్తే కథ మారుతుంది. జీఎల్‌సీ 220డీ, ఎక్స్3 20డీ రెండూ 197 హార్స్‌పవరే. టార్క్ మాత్రం బెంజ్‌కు 440, బీఎండబ్ల్యూకు 400. ఎవరైనా "ఈ కంపెనీది పవర్ ఎక్కువ" అంటే, ఏ ఇంజన్‌కు ఏ ఇంజన్‌తో పోలిక అని అడగండి. సగం వాదనలు అక్కడే ఆగిపోతాయి.

మామ శ్రీశైలం ఘాటు ఎక్కుతాడు, డీజిలే కావాలన్నాడు. కాబట్టి డీజిల్ జంటనే తీసుకున్న. పవర్ అంటే టార్కును తిరిగే వేగంతో గుణించడమే. న్యూటన్ మీటర్లను ఆర్‌పీఎంతో గుణించి 9549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. 2000 ఆర్‌పీఎం దగ్గర 440కి 92 కిలోవాట్లు, 400కి 84 కిలోవాట్లు. అంటే ఘాటు మలుపులో మెల్లగా ఎక్కేటప్పుడు బెంజ్ చేతిలో ఇంకొంచెం బలం ఉంటుంది. మరి సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగానికి? కంపెనీల లెక్కలో బెంజ్‌కు 8 సెకన్లు, బీఎండబ్ల్యూకు 7.7. టార్క్ ఎక్కువున్నదే వెనకపడింది! బండి బరువు, గేర్ల నిష్పత్తి, ఎక్కువ ఆర్‌పీఎం దగ్గర ఇంజన్ ఊపిరి, ఇవన్నీ కలిస్తేనే వేగం. ఒక్క అంకె పట్టుకుని బండిని అంచనా వేయొద్దన్నది రెండో పాఠం.

పొడవు, వెడల్పు కూడా రాసుకున్న. జీఎల్‌సీ 4716 మి.మీ. పొడవు, 1890 వెడల్పు. ఎక్స్3 4755 పొడవు, 1920 వెడల్పు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం, అంటే వీల్‌బేస్, బెంజ్‌కు 2888, బీఎండబ్ల్యూకు 2865.

మొత్తం ముప్పై వరుసలు నింపిన. సాయంత్రం అమ్మమ్మ మిద్దె మీదికి వడియాలు తీయడానికొచ్చి లాప్‌టాప్ వంక చూసి అడిగింది. "బిడ్డా, గిండ్ల నేను ఎక్కగలుగుతనా లేదా ఏడ రాసిన్రు?"

ముప్పై వరుసల్లో ఆ వరుస లేదు.

బ్రోచర్‌లో లేనిది: మన రోడ్డు

రెండో రోజు పొద్దున టేపు పట్టుకుని బయటికి నడిచిన. మా అమ్మమ్మ వాళ్ల గల్లీ సన్నది. 1890, 1920 అనేవి అద్దాలు కలపని వెడల్పులు. అద్దాలు తెరిస్తే రెండు బండ్లూ రెండు మీటర్లు దాటుతాయి. గల్లీ పట్టినా, తలుపు తెరిచి మనిషి దిగాలంటే ఇంకో అరమీటరన్నా కావాలి. బండి ఇంటిదాకా వస్తుంది గానీ గోడ పక్కన ఆపితే ఒక వైపు తలుపు తెరుచుకోదు. ఇది ఏ బ్రోచర్ చెప్పదు, రెండు వందల రూపాయల టేపు చెప్పింది.

తర్వాత స్పీడ్ బ్రేకర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన స్పీడ్ హంప్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల పొడవు ఉండాలి. గుండ్రంగా, నింపాదిగా లేచి దిగుతుంది. మన ఊళ్లల్లో అట్లాంటిది చూశారా? ఇక్కడ ఒక యాక్సిడెంట్ అయితే మర్నాడు ఊరోళ్లే సిమెంటు పోసి గట్టు కడతారు. వాళ్లను తప్పుపట్టలేం, పోయింది వాళ్ల పిల్లలు. కానీ ఆ గట్టు పొట్టిగా, నిట్టనిలువుగా ఉంటుంది. ముందు చక్రాలు దాటాక, వెనక చక్రాలు ఎక్కకముందు, బండి కడుపు దాని మీద రాసుకుంటుంది.

కడుపు తగలకుండా బండి దాటగల కోణాన్ని బ్రేక్‌ఓవర్ కోణం అంటారు. గ్రౌండ్ క్లియరెన్స్ ఎంత ఎక్కువైతే అంత మంచిది, వీల్‌బేస్ ఎంత పొడవైతే అంత చెడ్డది. లెక్క కోసం రెండు బండ్లకూ క్లియరెన్స్ 200 మి.మీ. అనుకున్న. వీల్‌బేస్ 2865కి 15.9 డిగ్రీలు వచ్చింది. 2888కి 15.8. తేడా లేనట్టే.

ఇప్పుడు ఐదుగురిని ఎక్కించి, డిక్కీలో రెండు బియ్యం సంచులు వేసినం అనుకుందాం. స్ప్రింగులు నొక్కుకుని కడుపు 40 మి.మీ. కిందికి దిగిందనుకోండి. అదే 2865కి కోణం 12.7కు పడిపోతుంది. మూడు డిగ్రీలు పోయాయి! అంటే ఏ కంపెనీ బండి అన్నదాని కన్నా ఎంతమంది ఎక్కారన్నదే ముఖ్యం. ఖాళీ బండి క్లియరెన్స్ చూసి మురిసిపోవద్దు. నిండు బండి క్లియరెన్స్ ఎంతో షోరూంలో అడగాలి. వానాకాలం పంట కోతలప్పుడు సగం రోడ్డు వడ్ల కుప్పలదే. చుట్టూ పెట్టిన రాళ్లు చీకట్లో కనబడవు. ఆ రాళ్లకు క్లియరెన్స్ చార్టు తెలియదు.

టైరు సంగతి కూడా ఇంతే. టైరు మీద 235/55 ఆర్19 అని ఉంటే, వెడల్పు 235 మి.మీ., పక్క గోడ ఎత్తు అందులో 55 శాతం అని అర్థం. అంటే 129 మి.మీ. బొలెరో టైరు 215/75 ఆర్15. దాని పక్క గోడ 161 మి.మీ. గుంతలో పడినప్పుడు రిమ్ముకూ రాయికీ మధ్య ఉండే మెత్త ఆ గోడే. పెద్ద రిమ్ము ఫొటోలో అందంగా ఉంటుంది, గుంతలో బొలెరో టైరుకే మనసు నిబ్బరం ఎక్కువ.

స్టెప్నీ ఉందా లేదా అనేది ఇంకా పెద్ద ప్రశ్న. ఖరీదైన బండ్లలో కొన్నిటికి రన్‌ఫ్లాట్ టైర్లుంటాయి. గాలి పోయినా గట్టి పక్క గోడల మీద నడుస్తాయి. మామూలుగా వాటికి చెప్పే హద్దు 80 కిలోమీటర్ల వేగం మించకుండా 80 కిలోమీటర్ల దూరం. తెలకపల్లి నుంచి హైదరాబాద్ రమారమి 130 కిలోమీటర్లు. అంటే పంచరైన టైరుతో జడ్చర్ల దాకా రావచ్చు, షోరూం దాకా రాలేం. నల్లమలలో, మన్ననూరు చెక్‌పోస్టు దాటాక పంచరైతే? శ్రీశైలం పోయే ఆ అడవి రోడ్డు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసే ఉంటుంది. సాయానికి హైదరాబాద్ నుంచి వచ్చే బండి కూడా గేటు అవతలే ఆగుతుంది. అందుకే బుక్ చేసే ముందు డిక్కీ ఫ్లోరు ఎత్తి చూడాలి. స్టెప్నీ ఉందా, ఉంటే పూర్తి సైజుదా సన్నదా, అది పెట్టాక సామానుకు చోటు ఎంత మిగులుతుంది. ఇది అడగడానికి సిగ్గుపడొద్దు.

యూరియా కథ

మధ్యాహ్నం అన్నం తింటూ డీజిల్ బండి సంగతులు చెబుతున్నా. "మామా, దీంట్ల యూరియా కూడా పొయ్యాలె" అన్న. మామ ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"కారుకు గూడ యూరియానా? ఆగస్టుల రెండు బస్తాల కోసం సొసైటీ ముందర చెప్పులు లైన్ల పెట్టి పొద్దుందాక నిలబడ్డం. ఇగ కారుకు గూడ నిలబడాల్నా?"

నవ్వు ఆగలేదు గానీ విషయం నిజమే. బీఎస్6 డీజిల్ ఇంజన్ల పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించడానికి ఆడ్‌బ్లూ అనే ద్రవాన్ని సైలెన్సర్ దారిలో చల్లుతారు. అది శుద్ధి చేసిన నీళ్లలో 32.5 శాతం యూరియా. వేడికి అది అమ్మోనియాగా మారి, ఆ ఆక్సైడ్లను నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా విడగొడుతుంది. ట్యాంకు పూర్తిగా ఖాళీ అయితే బండి ముందే హెచ్చరించి, తర్వాత స్టార్ట్ కానివ్వదు.

"ఇంట్ల ఉన్న యూరియానే నీళ్లల్ల కలిపి పోస్తే?" అన్నాడు మామ. ఒద్దే ఒద్దు! 2015 నుంచి మన దేశంలో పొలాలకు అమ్మే యూరియాకంతా వేపనూనె పూత ఉంటుంది. ఆ నూనె, అందులోని మలినాలు సన్నటి నాజిల్‌ను, లోపలి కెటలిస్టును పాడుచేస్తాయి. ఆడ్‌బ్లూ క్యాను కొనడం పెద్ద ఖర్చు కాదు, పెద్ద బంకుల్లో దొరుకుతుంది. ఊర్లో దొరుకుతుందా అని చూసుకోవాలంతే.

దీనికన్నా ముఖ్యమైనది డీపీఎఫ్, అంటే మసిని పట్టే జల్లెడ. అది నిండినప్పుడు పొగ వేడిని సుమారు 600 డిగ్రీలకు పెంచి ఆ మసిని కాల్చేస్తుంది. ఆ పని జరగాలంటే బండి ఆగకుండా ఓ ఇరవై నిమిషాలు హైవే మీద నడవాలి. మామ రోజూ పోయేది ఎక్కడికి? ఇంటి నుంచి చేనుకు, చేను నుంచి టిప్పర్లున్న చోటుకు, అక్కణ్నుంచి హోటల్‌కు. ఒక్కోటి రెండు మూడు కిలోమీటర్లు. ఇంజన్ వేడెక్కే లోపే ఆపేస్తాడు. అట్లాంటి వాడకంలో జల్లెడ మసితో నిండుతూనే ఉంటుంది, కాలదు. వారానికొకసారైనా నాగర్‌కర్నూల్ దాటి జడ్చర్ల దాకా పోయి రావాలి. లేదా పెట్రోల్ బండి తీసుకోవాలి. "డీజిల్ అయితే పల్లెకు మంచిది" అనే పాత మాట బీఎస్6 తర్వాత అంత నిజం కాదు. దూరం తిరిగేవాళ్లకు మంచిది, దగ్గర తిరిగేవాళ్లకు కాదు.

డబ్బు లెక్క

2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద కార్ల మీద జీఎస్టీ 40 శాతం. అంతకు ముందు ఇట్లాంటి ఎస్‌యూవీల మీద 28 శాతం జీఎస్టీ, 22 శాతం సెస్సు కలిపి 50. "పది శాతం తగ్గింది" అని మామ అన్నాడు. తగ్గింది పన్నులో పది పాయింట్లు, ధరలో కాదు. 50 లక్షల బండి మీద పన్ను కలిపితే అప్పుడు 75, ఇప్పుడు 70. అంటే ధర తగ్గింది 6.7 శాతం. మంచిదే, కానీ అర ఎకరం అమ్మేంత తొందర పెట్టే తగ్గింపు కాదు.

లెక్క కోసం షోరూం ధర 70 లక్షలు పెట్టుకున్న. అందులో 20 లక్షలు జీఎస్టీయే. దాని మీద రాష్ట్రానికి కట్టే లైఫ్ ట్యాక్స్ పన్నెండున్నర లక్షలకు తగ్గదు. ఇన్సూరెన్స్ కలిపి బండి రోడ్డెక్కేసరికి సుమారు 85 లక్షలు. (ఎలక్ట్రిక్ కారైతే మన రాష్ట్రంలో 2026 డిసెంబర్ 31 దాకా రోడ్ ట్యాక్స్ మినహాయింపు ఉంది. మామ ఒప్పుకోలేదు, "కరెంటు పోతే?" అన్నాడు.)

85లో 25 లక్షలు భూమి డబ్బు, 60 లక్షలు లోను. 9 శాతం వడ్డీకి ఐదేళ్లయితే నెలకు కిస్తీ సుమారు 1,24,500. ఐదేళ్లకు కట్టేది 74.7 లక్షలు. ముందు పెట్టిన 25 కలిపితే కోటికి కొంచెం తక్కువ. ఐదో ఏట బండి విలువ ఎంత? ఇన్సూరెన్స్ వాళ్ల పట్టిక ప్రకారం నాలుగేళ్లు దాటి ఐదేళ్లలోపు బండికి షోరూం ధరలో సగం కోసేస్తారు. అంటే 35 లక్షలు. పోయినవి దాదాపు 65 లక్షలు. మామ ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరిగినా, డీజిలూ సర్వీసూ లెక్కెయ్యకుండానే కిలోమీటరుకు 86 రూపాయలు.

"అంటే హైదరాబాద్ పోయొస్తే?"

"260 కిలోమీటర్లు. ఇరవై రెండు వేలు."

మామ ఏమీ అనలేదు. అత్త మాత్రం వంటింట్లోంచి "గా పెండ్లికి మేం పెట్టిన కట్నం గూడ గంత లేదు" అంది.

చింతగింజల పద్ధతి

ఇంజనీరింగ్‌లో దీన్ని వెయిటెడ్ డెసిషన్ మ్యాట్రిక్స్ అంటారు. ఇంట్లో దానికి ఎక్సెల్ అక్కర్లేదు, ఇరవై చింతగింజలు చాలు. మనకు కావాల్సినవన్నీ ఒక్కో కాగితం ముక్క మీద రాయాలి. కొనే మనిషి చేతికే గింజలిచ్చి, దేనికెంత ముఖ్యమో అన్ని గింజలు పెట్టమనాలి. మనం పెట్టొద్దు. గింజలు ఇరవైయే, ఒకచోట ఎక్కువ పెడితే ఇంకోచోట తగ్గాల్సిందే.

మామ అరుగు మీద కూర్చుని చాలాసేపు జరిపి జరిపి ఇట్లా పెట్టిండు:

అమ్మమ్మ ఎక్కి దిగడం, వెనక సీటు – 5
మన రోడ్డు, టైర్లు – 4
సర్వీసు ఎంత దగ్గర – 4
డబ్బు – 3
నలుగురిలో గౌరవం – 3
పికప్పు – 1

మామ పికప్పుకు ఒక్క గింజే పెడతాడని నేననుకోలేదు. నా ముప్పై వరుసల్లో సగం దాని గురించే.

తర్వాత ఒక్కో బండికి పదికి మార్కులు. ఇవి మావి, సగం టెస్ట్ డ్రైవులో మామ నడుము చెప్పినవి, మీ మార్కులు వేరే ఉంటాయి. పై వరుసలోనే జీఎల్‌సీకి 8, 6, 4, 4, 9, 8. ఎక్స్3కి 7, 7, 4, 4, 8, 9. గింజలతో గుణించి కూడితే 200కు జీఎల్‌సీ 127, ఎక్స్3 124.

"అయితే బెంజే!" అన్నాడు మామ.

ఇక్కడ ఆగొద్దు. గెలిచింది గట్టిగా గెలిచిందా అని చూడాలి. మొదటి వరుసలోంచి రెండు గింజలు తీసి రోడ్డు వరుసలో పెట్టిన. జీఎల్‌సీ 123, ఎక్స్3 124. గెలుపు తిరగబడింది. రెండు గింజలకే ఫలితం మారితే ఆ రెండు బండ్లూ మనకు సమానమని అర్థం. అటువంటప్పుడు రాత్రింబవళ్లు వీడియోలు చూసి తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. ఏది నచ్చితే అది, ఏది ముందు దొరికితే అది.

మరి అసలు ప్రశ్న ఏది? బ్రోచర్లు రెండు కాబట్టి నేను కాలమ్‌లు రెండే పెట్టుకున్న. తప్పు అక్కడే జరిగింది. షోరూం వాళ్లు ఎప్పుడూ మనను "ఇదా, అదా?" అనే అడుగుతారు. "అసలు కావాలా?" అనే కాలమ్ మనమే గీసుకోవాలి.

మూడో కాలమ్ గీసిన. పాతిక లక్షల్లో వచ్చే మంచి ఎస్‌యూవీ, లోను చిన్నది, సర్వీసు మహబూబ్‌నగర్‌లోనే, అర ఎకరం అమ్మేది లేదు. మార్కులు 7, 8, 8, 9, 5, 6. మొత్తం 147.

మామ ముఖం చిన్నబోయింది. "గౌరవానికి అయిదేనా?"

ఆ ప్రశ్న విని నేను నవ్వలేదు. గేటు దగ్గర ఆగిన బొలెరో నాకూ గుర్తుంది. డబ్బున్నోళ్ల ఆడంబరం అని కొట్టిపారేయడం తేలిక. మామ వాళ్ల నాయన పాలమూరు కూలీగా ఊర్లు తిరిగి కాలువలు తవ్విన మనిషి. ఆయన కొడుకును వెనక గేటుకు పొమ్మంటే తగిలే దెబ్బను నేను సున్నా అని రాయలేను. అందుకే ఆ వరుస తీసెయ్యలేదు. దాని ధర ఎంతో మాత్రం లెక్కేసిన.

సర్వీసు వరుసలోంచి ఒక గింజ తీసి గౌరవంలో పెడితే జీఎల్‌సీకి 5 పెరుగుతాయి, మూడో బండికి 3 తగ్గుతాయి. అట్లా మూడు గింజలు జరిపితే జీఎల్‌సీ 142, మూడోది 138. అంటే మామ మనసులో గౌరవం బరువు మూడు కాదు, ఆరు అయితే బెంజ్ కొనడమే సరైన నిర్ణయం. అప్పుడు సర్వీసుకు పోయొచ్చే 260 కిలోమీటర్ల గురించి గొణగొద్దు. మూడే అయితే, అర ఎకరం అమ్మొద్దు.

"మామా, నేను చెప్పగలిగింది ఇంతే. బండి గురించి నాకు తెలుసు. మూడా ఆరా అనేది నీకే తెలుసు."

అమ్మమ్మ అరుగు చివర కూర్చుని అంతా వింటోంది. మోకాళ్లు రాసుకుంటూ మెల్లగా అంది. "నన్ను ఏ గేటు కాడ దింపినా నడిచే పోవాలె గదా కొడుకా. మెట్టు తక్కువున్నది తే."

మామ సర్వీసు వరుసలోంచి మూడు గింజలు తీసి చేతిలో పట్టుకున్నాడు. గౌరవంలో పెట్టలేదు, వెనక్కీ పెట్టలేదు. "సంక్రాంతికి రా, అప్పుడు చెప్త" అని వాటిని చొక్కా జేబులో వేసుకున్నాడు.

నేను తిరిగి హాస్టల్‌కు వచ్చే రోజు బస్టాండు దాకా బొలెరోలోనే దింపిండు. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా ఒకసారి జేబు తడుముకుంటున్నాడు.